జ్ఞానదంతం వెనకాల ఫోన్ నంబరు

సోమవారం పొద్దున పళ్ళ డాక్టరుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి క్లినిక్ తెరవడం, కొత్త వెబ్‌సైటును ఓసారి చూసుకోవడం, పదింటి నుంచి దాన్ని చూసి వరసకట్టే కొత్త పేషెంట్లను చూడడం. పెద్దాసుపత్రిలో ఉద్యోగం వదిలేసి సొంత క్లినిక్ పెట్టి ఏడు నెలలైంది. కుర్చీ కొత్తది, దీపం కొత్తది, వచ్చే నోళ్ళు మాత్రం అవే పదిహేను. ఈ ఏడాది నిలదొక్కుకోకపోతే మళ్ళీ ఆ పెద్దాసుపత్రి మెట్లే ఎక్కాలి. ఆ సంగతి తలుచుకుంటేనే ఆయనకు నీరసం వచ్చేది.

సైటు తయారుచేసింది స్వయానా బావమరిది. మూడేళ్ళుగా ఉద్యోగాలు పట్టుకోవడం, వదిలేయడం తప్ప ఇంకేమీ చేయని మనిషికి ఇదే మొదటి సొంత పని. పక్కనే నిలబడ్డ వాళ్ళక్క ముఖం వెలిగిపోతోంది.

"మామూలు సైట్లలో పైన నాలుగు మాటలు వరసగా రాసిపెడతారు బావా. బోరు! మన దాంట్లో మాటల్లేవు, నోరుంది!" అన్నాడు బావమరిది మౌసు పట్టుకుని.

తెర నిండా ఓ నోరు తెరుచుకుంది. వెంటనే డ్రిల్లు జుయ్యిమని మోగింది. ముప్ఫై రెండు పళ్ళూ ఏదో నములుతున్నట్టు కదలసాగాయి. ముందుపన్ను నొక్కితే డాక్టరుగారి చదువు, కోరపన్ను నొక్కితే క్లినిక్ వేళలు, చిట్టచివరి జ్ఞానదంతం నొక్కితే ఫోన్ నంబరూ చిరునామా.

"నంబరు అంత లోపలెందుకురా?"

"సస్పెన్స్ బావా!"

పంటినొప్పితో విలవిల్లాడేవాడికి సస్పెన్స్ దేనికని అడగబోయి, భార్య ముఖం చూసి, "భేష్!" అనేశారు డాక్టరుగారు. పన్నెండేళ్ళ కాపురంలో ఆయన నేర్చిన మొదటి విద్య అది.

పది దాటింది, పదకొండు దాటింది. పేషెంట్లు రాలేదు గానీ ఫోన్లు వచ్చాయి, అవీ పాతవాళ్ళ నుంచే. మొదట బ్యాంకు మేనేజరు.

"డాక్టరుగారూ, మీ సైటు తెరిస్తే ఖాళీ పెట్టె కనిపిస్తోందండీ. ప్లగిన్ అని ఏదో అదనపు ప్రోగ్రాం వేసుకోమంటోంది. మా ఆఫీసులో సొంతంగా ఏదీ వేసుకోనివ్వరే!"

పాపం, మంచి మనిషి. పైవాళ్ళను బతిమాలి మధ్యాహ్నానికి వేయించుకున్నాడు. మీటింగు మధ్యలో ఎవరూ చూడకుండా సైటు తెరిచాడు. గదంతా డ్రిల్లు మోత! పదిమందీ దవడలు పట్టుకున్నారట.

"దీని నోరు మూయించడం ఎలాగండీ?" అన్నాడు ఫోన్లో, రహస్యంగా.

"వెనక్కి వెళ్ళే బాణం నొక్కండి."

"నొక్కాను సార్! మళ్ళీ మొదటి నుంచి అందుకుంది!"

మర్నాటికి పాత పేషెంట్లకు సైటులో చిరునామా ఎక్కడుందో ఫోన్లో చెప్పడమే రిసెప్షన్ అమ్మాయికి ఉద్యోగమైపోయింది. "కింది వరస సార్... ఎడమవైపు చివరి పన్ను... కదులుతోందా? కదులుతుండగానే గట్టిగా నొక్కండి. నోరు మూసుకుపోయిందా? మళ్ళీ తెరిచి నొక్కండి. డ్రిల్లు మోత వస్తుంది, భయపడకండి!"

బెంచీ మీద కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు.

"ఫోన్లోనే పీకించేస్తున్నట్టున్నారే తల్లీ," అంది పెద్దావిడ.

"లేవండి పిన్నిగారూ, నా నొప్పి తగ్గిపోయింది," అంది రెండో ఆవిడ. ఇద్దరూ చల్లగా జారుకున్నారు. ఎవరి పన్ను వాళ్ళచేతే పీకిస్తారట అని సాయంత్రానికల్లా వీధంతా పాకిపోయింది.

బుధవారం కళ్ళు కనబడని సంగీతం మాస్టారు చేతికర్రతో తడుముకుంటూ స్వయంగా వచ్చారు. "తెరమీద ఏ అక్షరాలున్నా నా కంప్యూటరు చదివి వినిపిస్తుంది డాక్టరుగారూ. మీ సైటు దగ్గరకొచ్చేసరికి మూగబోయింది. క్లినిక్ ఎత్తేశారేమోనని చూడ్డానికొచ్చా," అన్నారు.

"ఇంకా ఎత్తేయలేదు మాస్టారూ," అన్నారు డాక్టరుగారు. ఇక లాభం లేదు, ఇంటికెళ్ళి తేల్చేయాల్సిందే అనుకున్నారు.

"ఇదిగో, ఆ సైటు గురించి..." అని మొదలుపెట్టారు.

"వాడికి చెప్పానండీ, పేషెంట్లు రావట్లేదని," అంది భార్య. "ఆకర్షణ చాల్లేదేమోనని బెంగపెట్టుకుని రెండ్రోజులుగా సరిగ్గా తినట్లేదు. ఈసారి కూడా వాడు చతికిలపడితే నేను చూళ్ళేనండీ."

"ముందు వాణ్ణి అన్నం తినమను," అనేసి లేచారు డాక్టరుగారు. గురువారం పొద్దుటికి ఆ ఆకర్షణ కాస్తా పెరిగింది. ఇప్పుడు తెరమీద మౌసు బాణం లేదు, దాని బదులు ఓ బ్రష్షు. దాన్ని ఎటు కదిపితే అటు నురగ. అరనిమిషంలో పళ్ళన్నీ నురగలో మునిగిపోయేవి.

శుక్రవారం ఒక్కరూ రాలేదు. పెద్దాసుపత్రి పాత అధికారి ఫోన్ చేసి, "మీ కుర్చీ ఖాళీగానే ఉంది, సరేనంటారా?" అని అడిగాడు. ఖాళీ బెంచీ వైపు చూస్తూ డాక్టరుగారు సరేనని చెప్పబోతుండగా తలుపు తోసుకుని బావమరిది వచ్చాడు. బుగ్గ బూరెలా ఉబ్బింది. వెనకే కంగారుగా వాళ్ళక్క.

డాక్టరుగారు రిసీవరు బల్లమీద పెట్టేసి పరుగెత్తారు. "అయ్యయ్యో! ఏమైందిరా? కూర్చో, నోరు తెరువు."

"అక్కర్లేదు బావా. పీకేశారు."

"ఎవరు?"

బావమరిది తల దించుకున్నాడు. "ట్రావెల్స్ ఆయనకి మన సైటు చూపిద్దామని వెళ్ళాను. పనిస్తాడని ఆశ. అక్కడ దవడపన్ను సలపడం మొదలెట్టింది. ప్రాణం పోతోంది బావా! నా సెల్లు రిపేరులో ఉంది, నీ నంబరు దాన్లోనే ఉండిపోయింది. మీ సైటులో చూసి చెయ్యవయ్యా అన్నాడాయన. ప్లగిన్ దిగడానికి పావుగంట. డ్రిల్లు మోతకి నొప్పి రెట్టింపైంది. ఆ నురగలో జ్ఞానదంతం ఎంత వెతికినా దొరకలేదు. నేను పెట్టిన పన్నే, నాకే దొరకలేదు!"

"మరి?"

"వాళ్ళ గుమాస్తా పళ్ళ డాక్టరు అని కొట్టి వెతికాడు. మన అక్షరాలన్నీ బొమ్మలోనే ఉన్నాయిగా, వెతుకులాటకి అవి కనబడవు, మనం రానేలేదు. వాళ్ళ పక్కవీధి డాక్టరమ్మగారి సైటు వచ్చింది. బొమ్మా లేదు, మోతా లేదు. తెల్ల పేజీ, పైనే నంబరు. పది నిమిషాల్లో కుర్చీలో ఉన్నా." అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీ పరువు తీశాను బావా."

డాక్టరుగారు బెదురుగా భార్య వైపు చూశారు. ఆవిడ తమ్ముడి బుగ్గ మెల్లగా నిమిరి, "ఆ నోరు ఇవాళే పీకి పారెయ్యరా. మీ బావ నంబరు పైన రాయి, పెద్దక్షరాలతో," అంది.

"రాస్తానక్కా. ట్రావెల్స్ ఆయన కూడా అలాంటిదే కావాలన్నాడు. పని నాకే ఇచ్చాడు."

డాక్టరుగారు బావమరిది భుజం తట్టి, అప్పటిదాకా హలో హలో అంటూ మొత్తుకుంటున్న రిసీవరు అందుకున్నారు. "ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి సార్," అన్నారు గట్టిగా.

పన్ను పీకింది డాక్టరమ్మ, నొప్పి పోయింది మాత్రం డాక్టరుగారికి.