నీలం పెట్టిన జుట్టు

ఆ శనివారం పొద్దున మునిరత్నమ్మ వేసుకున్న పథకం చిన్నదే. పదకొండు గంటలకు నిస్సీ వచ్చేలోపు తన జుట్టులో రెండంటే రెండు పాయలకు బంగారు రంగు తెప్పించాలి. అది కుదిరితే అదే పని నిస్సీ తలకు ధైర్యంగా చేయొచ్చు. నిస్సీ మహిళా కళాశాలలో రెండో ఏడు చదువుతోంది. ఆ పిల్ల తల బాగా వచ్చిందంటే హాస్టలు హాస్టలంతా తన వాకిట్లో వరుస కడుతుందని మునిరత్నమ్మ నమ్మకం.

నమ్మక తప్పని పరిస్థితి. తిరుపతిలో ఇంటి ముందుగదికి 'మునిరత్న లేడీస్ బ్యూటీ పార్లర్, స్త్రీలకు మాత్రమే' అని బోర్డు తగిలించి నాలుగు నెలలైంది. ఇప్పటికి వచ్చినవాళ్లు ఇద్దరు. ఒకామె కనుబొమలకు వచ్చింది, ఇంకొకామె అడ్రసు అడగడానికి వచ్చింది. భర్త ధనంజయ తేల్చి చెప్పేశాడు. "గంగజాతర అయ్యేదాకా సూస్తా. ఆ పైన రూము వరదయ్యకిచ్చేస్తా. జిరాక్సు మెషీను పెట్టుకుంటాడంట." జాతర ముగియడానికి ఇంక మూడు రోజులున్నాయి. నలభై రెండేళ్ల బతుకులో తనదని చెప్పుకోవడానికి మునిరత్నమ్మకు ఉన్నది ఆ గదొక్కటే. అది పోతుందనుకుంటేనే ఆమెకు ఏడుపు వచ్చేది.

పార్లరు పని నేర్పే పుస్తకం ప్రకారం పని రెండు విడతలు. మొదట బ్లీచు జుట్టులో నలుపు తీసేస్తుంది, జుట్టు పచ్చపచ్చగా తేలుతుంది. తర్వాత టోనరు అనే ఊదారంగు మందు ఆ పసుపును అణిచి బంగారు ఛాయ తెస్తుంది. బ్లీచు ఉంది, టోనరు లేదు. అది చెన్నైలో దొరుకుతుంది. జాతరకు చాటింపు వేశాక ఊరివాళ్లు పొలిమేర దాటకూడదు. దాటుతానంటే అత్త దేవకమ్మ గడపకు అడ్డం పడుకుంటుంది.

ఏం చేయాలా అని పెరట్లో నిలబడితే దండెం మీద ధనంజయ పంచె కనబడింది. పసుపెక్కిన పంచెను తెల్లగా చేసేది ఏమిటి? నీలం. పంచె పసుపును పోగొట్టే నీలం తల పసుపును పోగొట్టదా? ఆమె ఆలోచనలో తప్పేమీ లేదు. తప్పంతా కొలతలో జరిగింది.

బ్లీచును గోరింటాకు కలిపినట్టు అందాజుగా కలిపింది. పలచనైంది. రెండు పాయలకు రాసింది కాస్తా నడినెత్తి దాకా కారింది. తలకు ప్లాస్టిక్ కవరు చుట్టుకుని ఇరవై నిమిషాలు కూర్చుందామనుకునేసరికి అత్త పిలిచింది.

"అమ్మే, అంబలి అడుగంటతా ఉండాది. రోంత కలబెట్టు."

కలబెట్టి, చల్లార్చి, చెంబులకు పోసి వచ్చేసరికి గంట దాటింది. తల కడిగితే ముందు సగం నిమ్మపండులా మెరిసింది. కంగారులో, చుక్కలు లెక్కపెట్టి వేయాల్సిన నీలం సగం సీసా తల మీద వంచేసింది. ఐదు నిమిషాలాగి అద్దంలో చూసుకుంది. జుట్టు చిలకపచ్చగా ఉంది.

సరిగ్గా అప్పుడే దేవకమ్మ గుమ్మానికి కట్టడానికి వేపమండలు పట్టుకుని వచ్చింది. కోడల్ని చూసింది, చేతిలో మండల్ని చూసింది. రెండూ ఒకటే రంగు.

"తల్లీ గంగమ్మా! నా ఇంటికొచ్చినావా!" అని సాష్టాంగపడింది.

"లెయ్ అత్తా! అమ్మా లేదు, ఏం లేదు. నీలం ఎక్కువైంది!"

దేవకమ్మ లేచి వాకిట్లోకి పరిగెత్తింది. "మే సంతోషమ్మా! అమ్మ నీలం సీర అడగతా ఉండాది, బిన్నా రా!"

పక్కింటి సంతోషమ్మ చీరతో వచ్చింది. వెనకే వీధి వచ్చింది. నాలుగు నెలలుగా ఎవరైనా కూర్చుంటే బాగుండునని మునిరత్నమ్మ రోజూ తుడిచిన గుండ్రంగా తిరిగే కుర్చీలో, ఆమెనే కూర్చోబెట్టి ముఖానికి పసుపు పూశారు.

"నేను మునిరత్నమ్మనే! పార్లరు మునిరత్నమ్మను!" అని మొత్తుకుంది.

"అవును తల్లీ, ఆయమ్మ మీదికే వచ్చినావు," అని సంతోషమ్మ కర్పూరం వెలిగించింది.

"నీళ్లు పోయండి, తల కడుక్కోవాల!"

పసుపునీళ్లు పోశారు. పచ్చదనం ఇంకా నిగ్గుతేలింది. ఎవరో కుర్చీని భక్తిగా ఓ చుట్టు తిప్పారు. ప్రదక్షిణ తాము చేయడానికి గదిలో చోటు లేదు మరి.

ఆ సమయంలో ధనంజయ, వరదయ్యను వెంటబెట్టుకుని వచ్చాడు. వరదయ్య చేతిలో కొలత టేపు ఉంది. జనాన్ని గమనించకుండా, వంగి, గోడవారన టేపు పరిచాడు. ఆ టేపును చూడగానే మునిరత్నమ్మకు పొద్దుటినుంచీ మింగిన కోపమంతా ఒక్కసారిగా వచ్చింది.

"ఎవుడ్రా అది? ఈ రూము నాది! ఆ మెషీను ఈడ దించినావంటే కాళ్లిరగ్గొడతా! పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకున్నా అతకవు!"

ఇంకా చాలా తిట్టింది. మామూలు రోజుల్లో అయితే ఆ మాటలకు వీధిలో పంచాయితీ పెట్టేవాళ్లు. కానీ జాతర వారంలో తిట్టు పడితే మేలు జరుగుతుందని నమ్మకం. ఇద్దరు ముసలివాళ్లు తమకూ ఒకటి దయచేయమని ముందుకు జరిగారు. వరదయ్య టేపు అక్కడే వదిలి, లెంపలేసుకుంటూ వెనక్కి నడిచి వెళ్లిపోయాడు. ధనంజయ కుర్చీ ముందు మోకరిల్లాడు.

"తప్పయిపాయ తల్లీ! రూము నీదే. నా కంఠంలో పానముండేదాకా ఎవురికీ ఇయ్యను."

మునిరత్నమ్మ కుర్చీలో ఇంకాస్త వెనక్కి జారగిలబడింది. నిజం ఉదయం నుంచి చెబుతూనే ఉంది, ఎవరూ వినలేదు. ఇప్పుడే కొత్తగా చెప్పాల్సిన అవసరమేముంది?

పదకొండింటికి నిస్సీ వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఆంటీ! ఆ గ్రీను సూపరుగా ఉండాది! ఎట్ల తెప్పించినారు? నాకు గోల్డు వద్దు, అదే కావాల. సోమారం నా ఫ్రెండ్సును గూడా పిల్చుకొస్తా!"

మునిరత్నమ్మ కళ్ల వెంట నీళ్లు జలజలా కారాయి. గది మిగిలింది, బేరమూ వచ్చింది. అమ్మ కరుణించిందని జనం గోవిందలు కొట్టారు. నిజంగానే కరుణించిందేమోనని ఆమెక్కూడా అనిపించింది.

సోమవారం ఆమె తలకు గుడ్డ చుట్టుకుని ముందుగదిలోకి వెళ్లేసరికి ధనంజయ అద్దం ఊడదీస్తున్నాడు. కుర్చీ అప్పటికే పెరట్లో ఉంది. గోడకు పసుపు పూసి, గంగమ్మ పటం పెట్టి ఉంది.

"ఏమయ్యా, నా పార్లరు?"

"రూము గంగమ్మదని మాటిచ్చినా గదా! అమ్మ కూసున్న కాడ ఎంటికెలు కత్తిరిస్తారా మే? కండ్లు పోతాయి."

"ఆ పొద్దు అరిసింది నేనే!"

"నీకేం గుర్తుంటాదిలే," అన్నాడు ధనంజయ జాలిగా.

పదింటికి నిస్సీ తొమ్మిది మంది స్నేహితురాళ్లతో వచ్చింది. దేవకమ్మ వాళ్లందరి చేత చెప్పులు విప్పించి, కాళ్లు కడిగించి, తలా ఒక దొన్నెలో పొంగలి పెట్టి పంపేసింది.

బయట బోర్డు మీద మిగతాదంతా చెరిపేసినా 'స్త్రీలకు మాత్రమే' అన్న ముక్కను ధనంజయ చెరపలేదు, అమ్మవారూ ఆడమనిషే గదా, పనికొస్తుందని.