హాల్లోకి వచ్చిన చెట్టు

మా వీధిలో మూడో నంబరు ఇంటివారు ప్రకృతితో ఒక అంగీకారానికి వచ్చారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. యజమాని సిమెంటు వ్యాపారి. పాతికేళ్లుగా ఊరికి గోడలు కట్టించి గడించినవాడు కనుక, గోడ మనిషికి ఎంత కీడో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఈ జ్ఞానోదయం కలిగించింది ఆయన బావమరిది, వృత్తిరీత్యా ఆర్కిటెక్టు. ఇంటికి లోపలా బయటా అని తేడా ఉండటం అనాగరికమని అతని సిద్ధాంతం. ముందు హాలు గోడ కొట్టించి ఇరవై ఎనిమిది అడుగుల అద్దాల తలుపు పెట్టించాడు. హాల్లో పరిచిన బూడిదరంగు రాయినే వరండాలోనూ పరిపించాడు. తర్వాత చూపు ప్రహరీకి తగులుతోందని దాన్నీ తీయించాడు. ఇంకా రాయి మిగిలితే ఫుట్‌పాత్ మీద పరిపించి, మునిసిపాలిటీ వారి చెట్టు దగ్గర ఆగి, మన హాలు ఇక్కడిదాకా అని ప్రకటించాడు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టుందని గిట్టనివాళ్లు గొణిగారు. ఇంత పొదుపుగా చెట్టు సంపాదించినవాణ్ణి నేనైతే చూడలేదు.

ఆ చెట్టు కింద మిషనక్క ఉంది. పందొమ్మిదేళ్లుగా అక్కడే కాలిమిషను పెట్టుకుని వీధి మొత్తానికి ప్యాంట్లు పొట్టి చేస్తోంది, జిప్పులు మారుస్తోంది. ఆ నీడ మీదే కూతుర్ని నర్సింగు చదివిస్తోంది. ఇంకా ఏడాది మిగిలింది. రాళ్లు పరిచేవాళ్లు ఆమె మిషనును మర్యాదగా ఎత్తి, కింద రాయి వేసి, మళ్లీ అక్కడే దించారు. దాంతో ఆమె సిమెంటుగారి హాల్లో కూర్చున్నట్టయింది.

పిలిచిందే తడవుగా ప్రకృతి వచ్చింది. దోమలు వచ్చాయి, దుమ్ము వచ్చింది, నాలుగు పిల్లలతో ఒక కుక్క వచ్చింది. సిమెంటుగారి భార్య వీటన్నిటినీ చుట్టాలకు సహజత్వమని చూపించి, అద్దాల తలుపు బిగించి ఏసీ వేసుకుంది. ఒకరోజు ఆ తలుపు తీసి ఉండగా, జిప్పు తెగిన పెద్దమనిషి ఒకాయన తన వంతు వచ్చేదాకా సోఫాలో కూర్చున్నాడు. అది మాత్రం సహజత్వం కిందికి రాలేదు.

వీధి సంక్షేమ సంఘం అత్యవసరంగా సమావేశమైంది. గుర్తుతెలియని మహిళ ఒకతె హాల్లో మకాం వేసిందని ఫిర్యాదు. దాన్ని చదివిన కార్యదర్శి వేసుకున్న ప్యాంటు అంచు ఆ గుర్తుతెలియని మహిళ కుట్టిందే. బావమరిది నలభై నిమిషాలు మాట్లాడాడు. ఈ ఇల్లు వీధిని కౌగిలించుకుందనీ, కౌగిలికి ఆ మిషను అడ్డమనీ అతని ప్రసంగ సారాంశం.

న్యాయానికి పేరుపడ్డ సంఘం కనుక మిషనక్కనూ పిలిపించాం.

"పందొమ్మిదేళ్లలో నేను ఒక్క అడుగు జరగలేదు బాబూ. మీ హాలే వచ్చి నా మిషను కింద దూరింది. ఒక్క ఏడాది ఓర్చుకోండి, పిల్ల చదువైపోతే నేనే లేచిపోతాను" అంది.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. కార్యదర్శి ఓపిగ్గా నచ్చజెప్పాడు. "చూడమ్మా, నీమీద మాకేం కోపం లేదు. ఇవాళ వాళ్ల హాల్లో నువ్వు కూర్చుంటే రేపు మా హాళ్ల సంగతేంటి?"

ఆ ప్రశ్నకు అందరి గుండెలూ జల్లుమన్నాయి. తీర్మానం ఏకగ్రీవం. నేనూ సంతకం పెట్టాను. ఎక్కడికి పొమ్మంటారని ఆమె అడిగింది, బయటికి అన్నాం. సిమెంటుగారు ఉదారంగా మిషను మోయడానికి తన లారీ ఇచ్చారు.

సమాజానికి తలుపులు తెరిచిన ఇల్లుగా దానికి బహుమతి వచ్చింది. కొత్తచోట బేరాల్లేక మిషనక్క కూతురి చదువు మానిపించిందని తెలిసింది. చాలా బాధపడ్డాను, మా హాల్లో కూర్చునే బాధపడ్డాను.

ఇప్పుడు వీధంతా గోడలు కొట్టించుకుంటోంది. మా ఇంటి ముందు చెట్టు లేదు, బస్టాపు ఉంది. దాన్ని వరండాగా లెక్కవేయవచ్చని బావమరిదిగారు అభయమిచ్చారు, సోమవారం రాయి దిగుతుంది. పొద్దున్నే అక్కడ ఎవరెవరో నిలబడుతున్నారని సంఘానికి ఫిర్యాదు కూడా రాసి పెట్టాను. ఆ బస్సు ఎక్కేవాళ్లలో మీరుంటే, దయచేసి చెప్పులు బయట విడిచి రండి. బయట ఎక్కడుందని మాత్రం నన్నడక్కండి.