అగస్టస్ నాణెంలో సగం

పది గంటలకు పక్కింటి ఫ్రౌ క్లైన్ వస్తుంది. ఆమె నాణెం ఆమెకు ఇచ్చేసి, పులిహోర కలుపుకోవాలి. ఆ ఉదయం కుముదిని పెట్టుకున్న పని అంతే.

జర్మనీలోని కైసర్స్‌లౌటర్న్‌లో లాటిన్ పాఠాలు చెప్పి రిటైరైన ఫ్రౌ క్లైన్, ఇంటికి రంగులు వేయిస్తూ, అగస్టస్ చక్రవర్తి కాలపు కంచు నాణేన్ని కవరులో పెట్టి అంటించి కుముదిని వాళ్లకు అప్పగించింది. పోయిన భర్త పెళ్లికి ముందు ఇచ్చిన కానుక అది. సాయంత్రం లైబ్రరీలో దాని గురించే ఆమె మాట్లాడబోతోంది.

కుముదిని సొరుగు లాగింది. కవరు అంచు ఊడిపోయి ఉంది. లోపల పచ్చగా చిలుము పట్టిన నాణెం, సగమే ఉంది.

"ఏవండీ! నాణెం విరిగిపోయిందండీ!"

మురళీ ఆఫీసు కాల్ మ్యూట్‌లో పెట్టి పరుగెత్తుకొచ్చాడు.

"మొన్న సొరుగు ఇరుక్కుంటే మోకాలితో గుద్దానండీ. అప్పుడే అయ్యుంటుంది."

మురళీ ముఖం పాలిపోయింది. "నీ సొరుగు కాదులే. మొదటిరోజు సోఫాలో కవరు మీద కూర్చున్నా. కటుక్కుమంది. నా నడుమనుకున్నా."

"ఇష్ వార్స్!" అంది గుమ్మంలోంచి పన్నెండేళ్ల కూతురు తార, తప్పు తనదేనని జర్మన్‌లో. స్నేహితురాలు అలీజాతో కవరును ఫ్రిస్బీలా విసురుకుంటే గోడకు తగిలిందట.

రెండో ముక్క కోసం సోఫా తిరగేశారు, సొరుగులన్నీ ఊడదీశారు, వాక్యూమ్ సంచి పేపరు మీద కుమ్మరించారు. ఎప్పుడో పోయిన కుముదిని చెవిదిద్దు దొరికింది. ముక్క దొరకలేదు.

పరాయివాళ్ల వస్తువులు పాడైతే ఆదుకునే హాఫ్ట్‌ఫ్లిష్ట్ బీమా ఉందని మురళీకి గుర్తొచ్చింది. ఫారం తెరిస్తే, నష్టం చేసినవారి పేరు ఒక్కటే రాయమంది.

"నాది రాయండి."

"నైన్, వద్దు నాన్నా, నాది!"

"పెద్దవాణ్ని, నాది పడనీ," అని పంపేశాడు.

గంట మోగింది. దుమ్ము మధ్య ఫ్రౌ క్లైన్ అడుగు వెతుక్కుంటూ లోపలికి వచ్చింది. కుముదిని అరచేయి చాచి, వచ్చిన జర్మన్ కూడా మర్చిపోయి ఏడ్చేసింది.

"నేను ఇచ్చింది సగమే కదమ్మా!" అని ముసలావిడ జర్మన్‌లో ఓదార్చింది. "చిల్లర చాలకపోతే రోమన్లు నాణేలను ఇలాగే రెండుగా నరికేవాళ్లు. సాయంత్రం నేను చెప్పబోయేది అదే."

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ!" అని తెలుగులో గొణిగి, కుముదిని కళ్లు తుడుచుకుని నవ్వింది.

అంతలో బీమావాళ్ల ఫోను.

"పొరపాటైందండీ, మేం విరగ్గొట్టలేదు," అన్నాడు మురళీ.

"మరి ఎప్పుడు విరిగింది?"

"సుమారు రెండు వేల ఏళ్ల క్రితం."

అవతల కాసేపు కీబోర్డు టకటకలాడింది.

"అయితే కుదరదండి. వారంలోపు తెలియజేయాలి."