దొంగగారూ, లైన్లో ఉండండి

"వయసు దొంగిలిస్తారా? రమ్మను బాబూ, నాది సగం పట్టుకుపొమ్మను," అంది అత్తగారు, కట్టుడు పళ్లు సర్దుకుంటూ.

"వయసు కాదత్తయ్యా, వాయిస్. గొంతు. మన గొంతు దొంగిలించి, మనలాగే ఫోన్లో మాట్లాడి, మనవాళ్లనే ముంచుతారు."

"నీ గొంతా? దొంగలకి మాత్రం చెవులుండవా నాయనా."

అల్లుణ్ని ఆఫీసులో అందరూ జాగ్రత్తయ్య అంటారు. బీమా కంపెనీ గుమాస్తా. గొడుగు వేసుకుని స్నానం చేసే రకం. ఆ రోజు ఆఫీసులో సైబర్ నేరాల మీద క్లాసు చెప్పించారు. ఆయన ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకుండా భార్యకూ అత్తగారికీ క్లాసు పీకుతున్నాడు.

"ఇవాళ్టి నుంచి మనింటికో కోడ్‌వర్డ్. కొత్త నంబరు నుంచి ఎవడైనా 'నేనే, ఆపదలో ఉన్నా' అంటే ముందు అది అడగాలి. చెప్పలేకపోతే, వాడు నాలాగే ఏడ్చినా నమ్మకూడదు. ఇంటి సంగతి ఒక్కటి కూడా చెప్పకూడదు."

"ఇంతకీ ఏమిటా మాట?" అంది భార్య.

"బొప్పాయి బొంగరం. ఒక్క అక్షరం తేడా వచ్చినా వాడు దొంగే."

"మీరైనా?"

"నేనైనా."

ఆవిడ మారుమాట లేకుండా తలూపింది. ఆవిడ మారుమాట లేకుండా తలూపడమంటే భూకంపానికి ముందు కుక్కలు మొరగడమేనని, ఇన్నేళ్ల కాపురంలో జాగ్రత్తయ్యకి తెలిసి ఉండాల్సింది.

ఆ వారంలోనే ఆయనకి పన్ను సలపడం మొదలైంది. ఇంట్లో చాక్లెట్ల మీద భార్య నిషేధం ఉంది. పన్ను పుచ్చిందంటే, పుచ్చడానికి సరుకెక్కడిదన్న విచారణ మొదలవుతుంది. అందుకని "పన్ను పనుంది, వెళ్లొస్తా" అని బయల్దేరాడు. ఆదాయప్పన్నో, దవడ పన్నో విడమర్చలేదు.

సూదికి ముందు పళ్ల డాక్టరమ్మ, "రోజూ మాత్రలేమైనా వాడతారా?" అంటే, "మాత్రలా? నేనా?" అని ఛాతీ విరిచాడు. సూది పడ్డాక, పట్టకారు కనబడ్డాక నిజం దానంతటదే ఊడొచ్చింది.

"రోజూ పొద్దున్నే ఒకటి వేసుకుంటానండి."

"ఏం మాత్ర?"

"తెల్లదండి. హేరు వా ఆవిడకి తెలుసు." అప్పటికే పెదాలు మొద్దుబారి, పకారాలూ బకారాలూ మకారాలూ సెలవు పెట్టాయి.

"రక్తం పలచబరిచే మాత్రైతే, పన్ను తీశాక రక్తం ఆగదు. ముందు పేరు కనుక్కోండి. త్వరగా. మత్తు దిగితే మళ్లీ సూది పొడవాలి."

జాగ్రత్తయ్యకి సూదంటే ఎంత భయమంటే, దర్జీ కొట్టు ముందు నుంచి కూడా నడవడు. ఫోను తీశాడు. దొంగలకి చిక్కకూడదని ఆ పొద్దునే దానికి కొత్త పాస్‌వర్డు పెట్టుకున్నాడు. అది ఇప్పుడు ఆయనకీ చిక్కలేదు. బయటికొచ్చి, కౌంటర్లో ఉన్న అమ్మాయి సెల్లు అడిగి పుచ్చుకున్నాడు. చెంపకి ఆనిందో లేదో తెలియక స్పీకర్లో పెట్టాడు.

"అలో, నేనే. ఆహదలో ఉన్నా. నా తెల్ల వాత్ర హేరు చెహ్హు."

"కోడ్‌వర్డ్?"

"హొహ్హాయి హొంగరం."

"అక్షరాలు తేడా ఉన్నాయి దొంగగారూ. అయినా మా ఆయన ఇప్పుడు ఆదాయప్పన్ను ఆఫీసులో ఉన్నారు. కాస్త లైన్లో ఉండండి, స్టవ్ కట్టేసొస్తా."

స్టవ్ ఎంతకీ ఆరలేదు. ఈలోపు కౌంటర్ మీది ఫోను మోగింది. అమ్మాయి ఎత్తి, ఊకొట్టి, ఏదో రాసుకుని డాక్టరమ్మ గదిలోకి వెళ్లింది. జాగ్రత్తయ్య అదేమీ చూడలేదు. మత్తు ఉందో లేదో చెంప గిల్లి చూసుకుంటున్నాడు. కాస్త నొప్పెట్టింది.

"ఆ, ఉన్నారా దొంగగారూ? మీరు మా ఆయనే అయితే, ఆయనకి తప్ప ఎవరికీ తెలియని సంగతులు చెప్పండి. మా అమ్మ పూలకుండీ పగలగొట్టింది ఎవరు?"

"హిల్లి."

"తప్పు. పెట్టేస్తున్నా."

"ఆగు, ఆగు. నేనే. హిల్లి కాదు."

"అయ్యో, దానికి నెల్లాళ్లు పాలు మానేశాను కదే పాపిష్టిదాన్ని," అని వెనకనుంచి అత్తగారి గొంతు.

"మా చెల్లెలి పెళ్లికి, ఆఫీసులో ఆడిటని మా ఆయన రాలేదు. ఎక్కడికెళ్లారు?"

"ఆట చూడ్డానికి."

"గెలిచారా?"

"ఓడిహోయాం."

"శాస్తి. చాక్లెట్లు ఎక్కడ దాస్తారు?"

ఆయన చుట్టూ చూశాడు. బెంచీల మీది జనమంతా ఆయన జవాబు కోసం నోళ్లు తెరుచుకుని కూర్చున్నారు. అది పళ్లాసుపత్రి కాబట్టి మర్యాదగానే ఉంది.

"హాత హూట్లలో."

"ఎడమ బూటా, కుడి బూటా?"

"రెంటిలోనూ."

దవడ వాచిన పెద్దమనిషొకాయన నవ్వలేక, నవ్వాపుకోలేక రెండు చేతులా చెంపలు పట్టుకున్నాడు. అంతలో డాక్టరమ్మ తలుపు తీసింది.

"రండి, తీసేద్దాం. అది వట్టి బీపీ మాత్రేనట, భయం లేదు. మీ ఆవిడ ఇందాకే మా కౌంటరుకి ఫోన్ చేసి చెప్పారు."

జాగ్రత్తయ్య సెల్లు వంక చూశాడు. సెల్లు అందరికీ వినబడేలా విప్పి చెప్పింది.

"వారమై కుడివైపు నమలట్లేదు మీరు. పన్ను పనంటే ఏ పన్నో నాకు తెలీదా? అమ్మకి పళ్లు కట్టింది ఆ డాక్టరమ్మే, పళ్ల డబ్బా మీద నంబరుంటే అమ్మ సెల్లు నుంచి చేశా. ముక్కూమొహం తెలియని నంబరు నుంచి ఫోనొస్తే, మనకి తెలిసిన నంబరుకి మనమే చేసి కనుక్కోవాలి. క్లాసులో చెప్పలేదా?"

చెప్పారు. ఆ సమయానికి ఆయన వెనక బెంచీలో, చప్పుడు కాకుండా చాక్లెట్టు కాగితం విప్పుతున్నాడు.

"అన్నీ తెలిశాక ఇన్ని హ్రశ్నలెందుకు?"

"నిజంగా దొంగైతే ఎప్పుడో పెట్టేసేదాన్ని. మొగుడు కదా, అంత తేలిగ్గా వదుల్తానా? మొదటే చెబితే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేదాన్ని. ఆటో ఎక్కుతున్నా. నేనొచ్చేదాకా పీకనివ్వకండి."

ఆవిడ వచ్చేసరికి బెంచీల మీద జనం జరిగి చోటిచ్చారు. వాళ్లిప్పుడు పేషెంట్లు కాదు, అభిమానులు. ఆయన పకారాలన్నీ తిరిగొచ్చాయి, మత్తంతా దిగిపోయింది. డాక్టరమ్మ రెండో సూది ఎక్కించింది. భార్య ఆయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, "ఊఁ, తెరవండి," అంది.

పెళ్లయ్యాక భార్య ఎదుట అంత పెద్దగా నోరు తెరిచి, ఒక్క అబద్ధం కూడా ఆడకపోవడం జాగ్రత్తయ్యకి అదే మొదటిసారి.