ఆత్మగౌరవ ధర

లక్సెట్టిపేట ప్రజలు ఇకమీదట చవక మందులు మింగి ప్రపంచం ముందు తల దించుకోనవసరం లేదని గౌరవనీయ మంత్రి నిరంజన్ గారు మార్కెట్ యార్డు సభలో ప్రకటించారు. అమెరికాలో ఒక గోలీని ఏ ధరకు అమ్ముతారో, దేశంలోనే మొదటిసారిగా ఇక్కడా అదే ధరకు అమ్ముతారు. పథకం పేరు ఆత్మగౌరవ ధర. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టినవాడు పార్టీ కార్యకర్త ఎల్లేశం. ఎందుకు కొడుతున్నాడో అప్పటికి అతనికి తెలియదు. క్రమశిక్షణ గల కార్యకర్తకు తెలియాల్సిన పని కూడా లేదు.

మంత్రి గారు చిన్నపిల్లలకు చెప్పినట్టు విడమరచి చెప్పారు. కొత్త మందు కనిపెట్టాలంటే ఏండ్లు పడతాయి, కోట్లు పడతాయి. ఆ ఖర్చంతా అమెరికావాళ్లు ఎక్కువ ధర పెట్టి మోస్తుంటే, మనం అదే గోలీని బఠానీల ధరకు కొనుక్కుంటున్నాం.

"పెండ్లికి పోయి, కడుపునిండ తిని, కట్నం రాయించకుండ చెయ్యి కడుక్కొని వస్తమా?" అని అడిగారు. అలా వచ్చిన నలుగురైదుగురు తల దించుకున్నారు.

పెండ్లిలో కట్నాలు మైకులో చదివించడం ఇక్కడి ఆనవాయితీయే కనుక, దశరథం మెడికల్ షాపు ముందు షామియానా వేసి మైకు పెట్టించారు. "దండేపల్లి నుంచి అంతయ్య గారు, బీపీ గోలీలకు, పరిశోధన నిమిత్తం ఇంత" అని మైకులో చదువుతుంటే కొన్నవాడి ఛాతీ ఉప్పొంగేది. జేబు సంగతి వేరు. పాత ధర స్టాకంతా షాపు వెనక గదిలో పెట్టి సీలు వేశారు.

ఎల్లేశం తల్లి లింగవ్వకు రక్త క్యాన్సర్. రోజుకో గోలీ వేసుకుంటే మామూలు మనిషిలా బతుకుతుందనీ, మానేస్తే తన పూచీ లేదనీ కరీంనగర్ డాక్టరు చెప్పాడు. ఇన్నాళ్లూ ఎల్లేశం ఆటో నడిపి గోలీలు తెచ్చేవాడు. ఇప్పుడు ఆటో అమ్మినా చాలదు. లింగవ్వ చప్పుడు చేయకుండా రోజు విడిచి రోజు మింగడం మొదలుపెట్టింది. అది చూసి ఎల్లేశం మంత్రి గారి దగ్గరికి పరుగెత్తాడు.

"అన్నా, మా అవ్వ దినం తప్పిచ్చి దినం ఏసుకుంటుంది. నాకు భయమైతుంది."

మంత్రి గారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

"అట్ల ఏసుకుంటే ఏమైతదో ఎవ్వలు చూసినట్టు లేదు తమ్మీ. జర మంచిగ గమనించు. అది గూడ పరిశోధననే."

పరిశోధన ఇంత తొందరగా లక్సెట్టిపేటకు వస్తుందని ప్రతిపక్షం కూడా ఊహించలేదు.

అంతలో మందుల కంపెనీ పెద్దమనిషి ఒకాయన కృతజ్ఞతలు చెప్పడానికి అమెరికా నుంచి వచ్చాడు. శాలువా కప్పారు, నిర్మల్ బొమ్మ ఇచ్చారు. భోజనాల దగ్గర ఆయన, మాటలు తర్జుమా చేయడానికి వచ్చిన లెక్చరర్ సృజన చెవిలో ఏదో అన్నాడు. ఆమె తెల్లబోయింది.

"సార్, ఆయన భార్యకు గూడ లింగవ్వ జబ్బేనంట. వాళ్ల దేశంల గా ధర పెట్టి కొనలేకపోతుండంట. పాత ధర గోలీలు ఏమన్న మిగిలినయా అని అడుగుతుండు."

మంత్రి గారి కళ్లు చెమ్మగిల్లాయి. అతిథి దేవుడితో సమానమన్నారు. అప్పటికప్పుడు సీలు తీయించి, ఆ గోలీల స్టాకంతా పాత ధరకే ఇప్పించారు. గల్ఫ్ పోయేవాళ్ల సామాను కట్టడంలో ఎల్లేశానిది అందెవేసిన చేయి కనుక ఆ పని అతనికే అప్పగించారు. అట్టపెట్టెకు చుట్టూ టేపు వేసి, నైలాన్ తాడు బిగించి, నాలుగు పక్కలా అతిథి పేరు పెద్ద అక్షరాలతో రాశాడు. తల్లి కోసం ఒక్క షీటైనా పక్కన పెడదామనుకున్నాడు గానీ, మంత్రి గారు పక్కనే నిలబడి పనితనాన్ని మెచ్చుకుంటున్నారు.

ఇంటికొచ్చి తల్లికి అంతా చెప్పి ఏడ్చాడు. ఆమె గోలీ వేసుకోని రోజు అది. లింగవ్వ కొంగుతో కొడుకు ముఖం తుడిచింది.

"ఏడ్వకు బిడ్డా. నేను గూడ గోదారి అవతలికి పోయి రెండు దినాలుండి మల్ల వస్త. అప్పుడు సుట్టమొచ్చిందని చెప్పు మీ మంత్రికి."