నారింజ రంగుకు పని లేదని రుజువైన విధానం

ఇంద్రధనుస్సులో ఏడు రంగులుంటాయని బడిలో మీకు ఎవరైనా చెప్పి ఉంటే, ఆ సమాచారం పాతది. ప్రస్తుతం ప్రజల వాడకానికి ఆరే ఉన్నాయి. మిగిలిన నారింజకు ఓనరున్నాడు. వాన వెలిసినప్పుడు అది కూడా మిగతా ఆరింటి పక్కన కనబడుతూనే ఉంటుంది గానీ, ఓనరుగారు పోనీలెమ్మని ఊరుకున్నందువల్ల కనబడుతోందని మనం అర్థం చేసుకోవాలి. (నారింజ పండుకు మినహాయింపు ఇచ్చారు. అయితే అది నీళ్ళలో తేలకూడదు.)

నేను చిహ్నాల పరిరక్షణ కార్యాలయం మెట్ల పక్కన చిన్న బల్ల వేసుకుని అర్జీలు రాసేవాణ్ణి. ఇరవయ్యేళ్ళుగా ఇదే పని. లోపలివాళ్ళకు తేలిగ్గా అర్థమయ్యేలా రాస్తే అర్జీ తిరిగొస్తుందనీ, నాకే అర్థంకాకుండా రాస్తే స్వీకరిస్తారనీ అనుభవం మీద తెలుసుకున్నాను. అన్నీ తెలిసినవాణ్ణని ధీమాగా కూర్చున్న నా బల్ల మీదికి, సొంత అక్కే ఒక నోటీసు తెచ్చి పడేసింది.

మా అక్క లైఫ్ జాకెట్లు కుడుతుంది. ముందుగదిలో బరువైన మిషను, గోడవారన స్పాంజి పలకలు, పైన తాడు మీద వేలాడే బెల్టులు, ఈలలు. మా బావ లాంచీ నడుపుతాడు. ఇవతల ఒడ్డున ఇళ్ళు, అవతల ఒడ్డున బడి, ఆసుపత్రి, నూలు మిల్లు. ట్రిప్పుకి నలభైమంది. నది వెడల్పు, నీళ్ళు బురద, కింద లాగుడు ఎక్కువ. జాకెట్ లేనిదే ఎవర్నీ ఎక్కించుకోడు. ఆ జాకెట్లన్నీ అక్క కుట్టినవే, అన్నీ నారింజ రంగువే. ఎందుకే ఎప్పుడూ ఆ రంగే అని ఒకసారి అడిగాను. "నీళ్ళలో పడ్డవాడు తేలితే చాలదురా, కనబడాలి కూడా" అంది.

నోటీసు జాకెట్లు తయారుచేసే ఒక పెద్ద కంపెనీ వాళ్ళది. తేలే వస్తువుల మీద నారింజ రంగు తమ ట్రేడ్‌మార్కనీ, ముప్పై రోజుల్లో అక్క ఆ రంగు వాడకం మానుకోవాలనీ దాని సారాంశం.

ఇక్కడ చట్టం గురించి నాలుగు ముక్కలు చెప్పాలి, భయపడకండి. పని చేసే రంగు అందరిదీ. దాన్ని ఎవరూ సొంతం చేసుకోకూడదు. ఏ పనీ చెయ్యకుండా ఊరికే అందంగా, గుర్తుగా ఉండే రంగును మాత్రం ఒకరు సొంతం చేసుకోవచ్చు. కాబట్టి నారింజ పని చేస్తుందని అక్క నిరూపిస్తే లాంచీ బతుకుతుంది. ఇంత చిన్న సంగతేగా అనుకుని అభ్యంతరపత్రం నేనే రాశాను. మూడు పేజీలు. నాకే అర్థం కాలేదు. వెంటనే స్వీకరించారు.

విచారణ గదిలో పరిశీలనాధికారి, ఆయన పక్కన గుమాస్తా, ఎదురుగా కంపెనీ లాయరు. అక్క ఒక జాకెట్ తీసుకెళ్ళి బల్ల మీద పెట్టింది. గుమాస్తా దాన్ని సంచిలో పెట్టి, లక్క పోసి, సాక్ష్యం అని చీటీ అంటించాడు.

"ఏమ్మా, ఈ రంగు చేసే పనేమిటి?" అన్నారు అధికారి.

"కనబడుతుందండీ."

"కనబడటం పని ఎలా అవుతుందమ్మా? మా గుమాస్తా పొద్దుట్నించీ నాకు కనబడుతూనే ఉన్నాడు. పని చేస్తున్నాడని నేను రాసివ్వగలనా?"

గుమాస్తా ఈ మాటను రికార్డులో రాసుకున్నాడు.

నిరూపణకు పద్నాలుగో నంబరు ఫారం ఉందని చెప్పారు. దానికి రెండు వాంగ్మూలాలు జత చెయ్యాలి. ఒకటి, నారింజ రంగు వల్ల నీళ్ళలో కనబడిన మనిషిది. రెండు, పోల్చి చూసుకోవడానికి, వేరే రంగు వల్ల నీళ్ళలో కనబడకుండా పోయిన మనిషిది. ఇద్దరూ స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి. (రెండోవారు వేలిముద్ర వేసినా చాలునట. ఆ మేరకు సడలింపు ఉంది.)

అక్క నా మొహం చూసింది. నేను పైకప్పు చూశాను.

అయితే ఇరవయ్యేళ్ళు ఒకే మెట్ల పక్కన కూర్చున్నవాడికి ఏ గదిలో ఏ దుమ్ముందో తెలుస్తుంది. ఆ కార్యాలయంలోనే పక్కగది కొత్త వస్తువులకు పేటెంట్లిచ్చే గది. అక్కడ మూడు రోజులు తుమ్మి, ఒక పాత దస్త్రం పట్టుకొచ్చాను. ఇదే పెద్ద కంపెనీ, ఇదే నారింజ. మా రంగు బురదనీళ్ళలో మనిషిని రెండు మైళ్ళ దూరానికి చూపిస్తుంది, ఇందువల్ల ప్రాణాలు దక్కుతాయి, కాబట్టి మాకొక్కరికే హక్కివ్వండి అని ప్రమాణం చేసి రాసిచ్చారు. ఇచ్చారు. కంపెనీవాళ్ళు ఇరవయ్యేళ్ళు అనుభవించారు. గడువు తీరింది. రంగు అందరిదీ అయ్యాక, తలుపు మార్చి ఈ గదిలోకొచ్చి, అబ్బే, ఆ రంగు ఏ పనీ చెయ్యదండీ, ఊరికే అందానికి అంటున్నారు. ఏరు దాటి తెప్ప తగలేసినవాళ్ళను విన్నాం. వీళ్ళు తెప్పను కూడా తమ పేర రాయించుకున్నారు.

మర్నాడు విచారణలో ఆ కాగితం పెట్టాను. నిజం చెప్పొద్దూ, చేటంత మొహం చేసుకుని పెట్టాను.

అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పారు. "ఇది పక్కగది కాగితం" అన్నారు. "పక్కగదిలో ఉన్నంతసేపూ ఇది నిజమే. గుమ్మం దాటించి తెచ్చింది మీరు."

"కింద సంతకం మీదేనండీ" అన్నాను మెల్లగా.

"అప్పట్లో నాకు కళ్ళజోడు లేదు" అన్నారు.

లాయరు లేచాడు. చాలా మర్యాదస్తుడు. "అయ్యా, ఆ రంగు ఇరవయ్యేళ్ళు పని చేసిన మాట మేమూ ఒప్పుకుంటున్నాం. గడువుతో పాటు రిటైరయింది. రిటైరైన ఉద్యోగి సాయంత్రం ఆఫీసు వైపు నడుచుకుంటూ వస్తే, పని చేస్తున్నాడంటామా?"

అధికారి రిటైర్‌మెంటుకు ఏడు నెలలుంది. ఆయన కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. తీర్పు వచ్చేదాకా అక్క నారింజ గానీ, దాని దగ్గరి బంధువులను గానీ వాడరాదని ఉత్తర్వు రాయించారు.

బంధువుల జాబితా జతచేశారు. ఎరుపు నారింజకు తల్లి, పసుపు తండ్రి, గులాబీ మేనకోడలు. తెలుపు కాగితాల నిమిత్తం కార్యాలయానికి రిజర్వు. చిలకపచ్చ మీద ఇంకో కంపెనీ దరఖాస్తు, నీలం, ఊదాల మీద మరో రెండు కంపెనీల దరఖాస్తులు నడుస్తున్నాయి. ఎవరికీ అక్కర్లేక మిగిలిన రంగు ఒక్కటే, బురద రంగు. అక్క ఆ గుడ్డ తెచ్చి పదహారు రోజుల్లో నలభై జాకెట్లు కుట్టింది. బావ ఒకటి వేసుకుని రేవులో నిలబడి కిందికి చూసుకున్నాడు. "బాగుందే. మునిగినా పక్కవాళ్ళకు ఇబ్బంది లేకుండా మునగొచ్చు" అన్నాడు.

ఆ మంగళవారం పొద్దున నేనూ లాంచీలో ఉన్నాను. మంచు పట్టింది గానీ అవతలి ఒడ్డు లీలగా తెలుస్తోంది. నీళ్ళలో తిరిగే ఇంజను చక్రానికి ఏదో తాడు చుట్టుకుంటే బావ ఇంజను ఆపి, వెనక్కి వంగి దాన్ని లాగాడు. తాడు తెగింది. బావ లేడు.

జాకెట్ మునగనియ్యదని నాకు తెలుసు. మా అక్క కుట్టు అది. తేలుతూనే ఉంటాడు, ఎక్కడ? నలభైమందీ నలభై వైపులు చూపించారు. అదిగో అంటే అది దుంగ. అదిగో అంటే అది గోనెసంచి. నీళ్ళు బురద, మనిషి బురద. అక్కకు ఏం చెప్పాలి అన్న ఒక్క మాట తప్ప బుర్రలో ఏమీ లేదు. నేను రాసిన మూడు పేజీలూ ఆ క్షణాన ఎవరైనా నా నోట్లో కుక్కినా ఏమీ అనేవాణ్ణి కాను.

ముప్పావుగంట తర్వాత ఎడమ వైపు నుంచి దగ్గు వినబడింది.

బావది పాత దగ్గు. ఇరుగూ పొరుగూ అందరికీ తెలుసు. ఆ దగ్గు వెంబడే తెడ్లు వేసుకుంటూ పోయి మనిషిని పైకి లాగాం. ఈల ఊదొచ్చుగా బావా అంటే, చేతులు కొయ్యబారిపోయాయి, ఈల ఎక్కడుందో నాకే కనబళ్ళేదు అన్నాడు. ఇంటికెళ్ళాక అక్క ఏడవలేదు, అరవలేదు. ఆయన చేత తాగించాలని ఆరేళ్ళుగా వెంటపడుతున్న దగ్గు మందు సీసా తీసి, మూత విప్పి, తూములో ఒంపేసింది.

తర్వాత నా వైపు తిరిగింది. "ఒరేయ్, ఆ రెండో వాంగ్మూలం అన్నారే, కనబడకుండా పోయిన మనిషిది. మీ బావ ఉన్నాడుగా. రాయి."

రాశాను. వణుకుతూ రాశాను కాబట్టి ఈసారి తేలికగా అర్థమయ్యేలా వచ్చింది. బావ స్వయంగా వచ్చి, దగ్గి, సంతకం పెట్టాడు. (మొదటి వాంగ్మూలానికి కొరత లేదు. నారింజ రోజుల్లో పడి, రెండు నిమిషాల్లో పైకొచ్చినవాళ్ళు పదకొండుమంది వరసలో నిలబడ్డారు.)

అధికారి బావను ఎగాదిగా చూశారు. "నువ్వు కనబడుతున్నావుగా" అన్నారు.

"ఇప్పుడండీ. అప్పుడు కనబళ్ళేదు."

"చివరికి దొరికావా లేదా?"

"దొరికానండీ."

"బురద రంగులో ఉండి కూడా దొరికావు. అంటే దొరకడానికి నారింజ అక్కర్లేదన్నమాట." ఆయన గుమాస్తా వైపు తిరిగారు. "ఈ వాంగ్మూలాన్ని కంపెనీ తరఫు సాక్ష్యంగా నమోదు చెయ్యి."

లాయరు బావకు చెయ్యి కలిపి కృతజ్ఞతలు చెప్పాడు. బావ, పరవాలేదండీ అన్నాడు.

నేనైతే నెత్తీ నోరూ కొట్టుకునేవాణ్ణే. అక్క మాత్రం చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని నిబ్బరంగా అంది, "అయ్యా, స్థలం చూడకుండా తీర్పివ్వకూడదని మీ ఫారం వెనక రాసుంది. మా తమ్ముడు చదివాడు. ఒక్కసారి లాంచీ ఎక్కి అవతలికి వచ్చి చూడండి." అధికారి ఫారం తిప్పి చూశారు. నిజంగానే రాసుంది. ఫారాల వెనక ఏముందో ఆ కార్యాలయంలో ఎవరైనా చూడటం అదే మొదటిసారి.

పరిశీలన రోజున ఎగువన వాన పడి నది ఉబ్బి ఉంది. లాయరు కంపెనీ నారింజ జాకెట్ ఇంట్లోనే వేసుకుని వచ్చాడు. ఓనరు తరఫు మనిషి కాబట్టి ఆయనకు హక్కుంది. బావ నాకూ అక్కకూ బురద రంగువి ఇచ్చి, అధికారికి ఒకటి చాచాడు. "జాకెట్ వేసుకోనిదే ఎక్కించనండీ."

అధికారి దాన్ని అందుకోలేదు. నీళ్ళ వైపు చూశారు. ఒక దుంగ గిర్రున తిరుగుతూ వెళ్ళి, కనబడకుండా పోయింది. ఆయన గుమాస్తా చంకలో ఉన్న సంచి వైపు చూశారు. చెయ్యి చాపి, లక్క పగలగొట్టి, సాక్ష్యం బయటికి తీసి, వేసుకుని, బెల్టు బిగించుకున్నారు. సాక్ష్యం అన్న చీటీ ఆయన ఛాతీ మీద వేలాడింది.



"అదే ఎందుకు వేసుకున్నారండీ?" అని అక్క అడిగింది. చాలా మెల్లగా అడిగింది.

ఆయన బెల్టు ఇంకోసారి బిగించుకున్నారు. తర్వాత గుమాస్తాతో అన్నారు, "రాసుకో. అధికారి నారింజ రంగు జాకెట్ ధరించారు. కారణం, అందం."

గుమాస్తా రాసుకుని, "మరి నాకు సార్?" అన్నాడు.

"నీకు అందం దేనికయ్యా?" అని, బావ చేతిలోని బురద రంగుది తీసి ఆయనే అందించారు.

తీర్పు తొమ్మిది పేజీలు. స్వయంగా అధికారే అందం కోసం వేసుకున్నారు కాబట్టి ఆ రంగు అలంకారమని రుజువైంది, ట్రేడ్‌మార్కు ఖాయం, అభ్యంతరం కొట్టివేత. చివరి పేజీలో అక్క అడగకుండానే ఒక సౌకర్యం కల్పించారు. కార్యాలయ సిబ్బందిలో ఉన్నతాధికారులు నది దాటవలసి వచ్చినప్పుడు వాడుకునే నిమిత్తం, లాంచీలో ఒకే ఒక్క నారింజ జాకెట్ అలంకారంగా ఉంచుకోవచ్చు.

దాన్ని బావ స్టీరింగు పక్కన మేకుకు తగిలించాడు. ట్రిప్పు బయల్దేరే ముందు నలభైమందినీ బెంచీల మీద కూర్చోబెట్టి, బడిపిల్లలతో సహా, గట్టిగా దగ్గడం నేర్పుతున్నాడు.