నాలుక పరీక్ష

తొమ్మిదింటికి కూజా నమూనాను మ్యూజియం హాల్లో అప్పజెప్పి, పదింటికి కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలని అతుకుల మాస్టారు ఆ ఉదయం అనుకున్నారు. పగిలిన పురాతన పాత్రలను అతికించే ఉద్యోగం కాబట్టి ఆయనకా పేరు వచ్చింది. ఆ రోజు బడిపిల్లలు వస్తున్నారు. వాళ్లు తాకి చూసేందుకు, రెండు వేల ఏళ్ల నాటి మట్టికూజాకు అచ్చంగా మరొకటి చెయ్యమని క్యూరేటర్ మేడమ్ అడిగారు. అసలుదాన్ని ఎదురుగా పెట్టుకుని, దాని మీద ఊపిరి కూడా గట్టిగా వదలకుండా, మాస్టారు ఇరవై రోజులు కష్టపడ్డారు. కొత్తదాని అడుగున గుర్తుగా ఒక గీత గీయడం పద్ధతి. అంత నున్నగా వచ్చిన అడుగు మీద గీత గీయడానికి ఆయనకు చేతులు రాలేదు.

చేతులు కడుక్కుని వచ్చేసరికి బల్లకు చెరోచివర ఉండాల్సిన కూజాలు పక్కపక్కన ఉన్నాయి. గ్యాలరీ కాపలా కాసే బావమరిది దుమ్ము గుడ్డతో నిలబడి ఉన్నాడు.

"బల్ల తుడిచాను బావా. అద్దంలా లేదూ?"

"కూజాలు కదిపావా?"

"కదపకుండా కింద ఎలా తుడుస్తాను?"

"ఏది ఎటు పెట్టావురా?"

"చేసినవాడివి నువ్వు. నన్నడుగుతావేంటి?"

మాస్టారు కూజాలను చెరో చేత్తో ఎత్తారు. బరువు చూశారు. ఒకటే. వెలుతురులో తిప్పి చూశారు. రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి. అసలుది పిల్లల చేతుల్లోంచి జారిందంటే, కూజాతో పాటు తన ఉద్యోగమూ పెంకులైపోతుంది. పాత మట్టి నాలుకకు అతుక్కుంటుందని గురువుగారు చెప్పిన మాట గుర్తొచ్చింది. మొదటి కూజాను నాకారు. అతుక్కుంది. రెండోదాన్ని నాకుతుండగా క్యూరేటర్ మేడమ్ తలుపు తీశారు.

"ఏం చేస్తున్నారు మాస్టారూ?"

నాలుక ఖాళీగా లేక ఆయన జవాబు చెప్పలేదు. బావమరిది ఆదుకున్నాడు.

"పాతదో కొత్తదో మా బావ నాలుకతో చెప్పేస్తాడండీ. శాస్త్రం."

"ఈ విద్య ఉందని ఇన్నాళ్లూ చెప్పనేలేదే. పిల్లల ముందు చేసి చూపించండి."

పది నిమిషాల్లో కూజాలు, మాస్టారు, నలభై మంది పిల్లలు హాల్లో ఉన్నారు. ఆయన ఒకదాన్ని నాకారు. రెండోదాన్ని నాకారు. రెండూ ఒకేలా అతుక్కున్నాయి.

"ఏది పాతది సార్?" ముందు వరసలో ఒకమ్మాయి అడిగింది.

"కాస్త ఆగమ్మా."

"మీకు తెలీకపోతే నేను నాకి చెప్పనా?"

ఆ మాటతో వెనక వరసలు కూడా నాలుకలు చాపి ముందుకొచ్చాయి. మాస్టారు రెండు కూజాలనూ చెరో చంకలో ఇరికించుకుని గోడ తగిలేదాకా వెనక్కి నడిచారు. ఇక దాచి లాభం లేదు.

"మేడమ్, ఏది అసలుదో నాకు తెలియట్లేదు. నన్ను పన్లోంచి తీసేసినా సరే, పిల్లల్ని మాత్రం ముట్టుకోనివ్వకండి."

మేడమ్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు.

"కంగారుపడకండి. రెండూ అసలువి కావు. అసలుది ఇనప్పెట్టెలో ఉంది. మీకిచ్చింది మీకు ముందున్నాయన చేసిన నమూనా. గీత పెట్టడానికి ఆయనకూ మనసొప్పలేదట."

"మరి నాతో అసలుదే అన్నారు కదండీ?"

"అలా అంటే జాగ్రత్తగా చేస్తారని. అసలుది చేతికివ్వాలంటే మాత్రం... ఏమీ అనుకోకండి మాస్టారూ, భయమేసింది."

ఆ పూట నలభై మందీ రెండు కూజాలనూ తనివితీరా ముట్టుకున్నారు, ముట్టుకోనన్నది మాస్టారొక్కరే.